పాట క్లాసులో కేసరి

ఏ విద్యనైనా ఫోనులో చూసి నేర్చేసుకోవచ్చని గట్టిగా నమ్మిన రోజులు నాకూ ఉన్నాయి. అప్పుడు శ్రీకాకుళంలో డిగ్రీ చదువుతూ మా మేనత్త ఇంట్లో ఉండేదాన్ని. కాలేజీ నుంచి రాగానే మేడమెట్ల మీద కూర్చుని, డేటా అయిపోయేదాకా వీడియోలు చూసేదాన్ని. అలా చూసే మైసూర్‌పాక్ చేశాను (మావయ్య దాన్ని తలుపు కొట్టుకోకుండా అడ్డుపెట్టుకున్నాడు). అలా చూసే జుట్టు కత్తిరించుకున్నాను (జుట్టు పెరిగేదాకా చున్నీ కప్పుకుని తిరిగాను). ఇప్పుడు తలుచుకుంటే ఆ ధీమాకి నవ్వొస్తుంది. ఆ మెట్లూ, ఆ సాయంకాలాలూ గుర్తొస్తే మాత్రం నవ్వు సగంలోనే ఆగిపోతుంది.

అత్త ఆ ఇంటి ముందుగదిలో సంగీతం చెప్పేది. సాయంత్రం అయ్యేసరికి చెప్పులన్నీ గుమ్మం పక్కన బారుగా చేరేవి, లోపల శ్రుతిపెట్టె మోగేది. కేసరి ఆ ఇంటి కుక్క. వానలో తడుస్తూ కాలవగట్టు మీద దొరికిన పిల్లని మావయ్యే లుంగీలో చుట్టుకుని తెచ్చాడు. "సింహంనాగ పెరుగుతాది సూడండి" అని ఆ పేరు పెట్టాడు. అత్త మాత్రం దాని రంగు చూసి రవ్వకేసరి అనుకునే ఒప్పుకుంది. పెరిగాక ఇద్దరి మాటా నిజమైంది. గేటు దగ్గర అది సింహం. కొత్తమనిషి నీడ పడితే చాలు, వీపు మీద వెంట్రుకలు నిక్కబొడుచుకుని, గేటు ఊడిపోతుందేమో అన్నట్టు మొరిగేది. అదే వంటింట్లో కుక్కరు కూతేసిందంటే రవ్వకేసరి. మంచం కిందకి దూరి, బియ్యం డబ్బా వెనక మూతి పెట్టుకుని వణికేది. ఎవరైనా గొడుగు విప్పితే ఇక ఇంట్లోనే కనిపించేది కాదు. ఎండిన బాదం ఆకు పక్కన రాలినా, ఎవరో రాయి విసిరినట్టు ఎగిరిపడేది.

దాని భయాలు దానివి, మాకేం ఇబ్బంది లేదు. ఇబ్బంది అంతా అరుపులతోనే. పాట నేర్చుకోవడానికి వచ్చే పిల్లలు ఒక్కొక్కరే మానేశారు. ఒకమ్మాయికి పరీక్షలన్నారు, ఇంకొకమ్మాయికి గొంతు బాగులేదన్నారు. అసలు సంగతి అందరికీ తెలుసు. మానకుండా వస్తున్నది బ్యాంకు పిన్ని ఒక్కతే. (బ్యాంకులో పని చేసేది, అందుకని ఆ పేరు. డ్యూటీ అయ్యాక కీర్తనలు నేర్చుకోవడం ఆవిడ చిరకాల కోరిక.) ఆవిడ కేసరికి అడ్డంగా గొడుగు పట్టుకుని లోపలికి వచ్చేది. ఒకరోజు కేసరి ఆ గొడుగుని చూసి పారిపోవడానికి దారి దొరక్క, ఎదురు తిరిగి ఆవిడ చీర అంచు చింపేసింది.

ఆ సాయంత్రం మావయ్య తీర్పు చెప్పేశాడు. "కోటబొమ్మాళిలో మా నేస్తం కళ్ళం కాపలాకి కుక్క కావాలంటన్నాడు. ఇచ్చేద్దాం. ఇక్కడుంటే ఎవర్నో కరిసేస్తాది."

అత్త లోపలికెళ్ళి శ్రుతిపెట్టె ముందు కూర్చుని, ఎప్పుడూ పాడే వర్ణమే మొదలుపెట్టింది. మొదలుపెట్టిన చోటే తప్పింది. నేను ఆ ఇంట్లో ఉన్నన్నాళ్ళూ అత్త తప్పు పాడగా విన్నది అదొక్కసారే. అది విని నాకు పౌరుషం వచ్చేసింది.

"కొన్నాళ్ళు ఆగు మావయ్యా. దీన్ని నేను దార్లో పెడతాను."

"నువ్వా? ఎలాగ?"

"ఫోనులో ఉంది."

మావయ్య తలుపు దగ్గరున్న మైసూర్‌పాక్ వైపు ఒకసారి చూసి ఊరుకున్నాడు.

ఫోనులో నల్లకళ్ళద్దాలు పెట్టుకున్న మహానుభావుడొకాయన, కుక్కకి మనమే నాయకులమని తెలియజెయ్యాలని చెప్పాడు. దాని కళ్ళలోకి సూటిగా చూడాలట. దాని ఎదురుగా మనం ముందు తినాలట. వెనకడుగు మాత్రం వెయ్యకూడదట. మర్నాడు సాయంత్రం నేను ఒక ఇడ్లీ పట్టుకుని కేసరి ముందు నిలబడి, కళ్ళు పెద్దవి చేసి చూస్తూ మెల్లిగా నమిలాను. కేసరి చూపు తిప్పుకుంది. మూతి నాక్కుంది. ఆవలించింది. 'లొంగిపోయింది' అనుకుని ఒక అడుగు ముందుకేసి గట్టిగా "నో!" అన్నాను. అది గోడ మూలకి నక్కి, తోక కాళ్ళ మధ్య పెట్టుకుని, నేలంతా తడిపేసింది. సరిగ్గా అప్పుడే మావయ్య స్నానం చేసి, తువ్వాలు చుట్టుకుని, స్తోత్రం చదువుకుంటూ మా ఇద్దరి మధ్య నుంచి నడిచాడు. కేసరికి దొరికిన దారి అదొక్కటే. ఒక్క గెంతు గెంతింది. నోటికి అందింది పట్టుకుని పరుగెత్తింది. అందింది తువ్వాలు. వీధిగేటు దగ్గర బ్యాంకు పిన్ని అప్పుడే అడుగు పెడుతోంది. పాపం ఆవిడ పెద్దమనిషి తరహాలో మొహానికి అడ్డంగా ఠపీమని గొడుగు విప్పింది. గొడుగు చూసి కేసరి తువ్వాలుతో సహా వెనక్కి తిరిగింది. మావయ్య స్తోత్రం ఆపకుండానే స్నానాలగదిలోకి వెళ్ళిపోయాడు.

అత్త నవ్వి నవ్వి కొంగుతో కళ్ళు తుడుచుకుని, తరవాత వెళ్ళి మంచం పక్కన నేల మీద కూర్చుంది. కేసరి మంచం కింద ఉంది. అత్త దాన్ని పిలవలేదు, చెయ్యి చాపలేదు. పక్కకి తిరిగి కూర్చుని నాతో మాట్లాడినట్టు మెల్లిగా మాట్లాడింది.

"అది కోపం కాదే గుంటా, భయం. కొత్తగా పాటకొచ్చిన పిల్ల అరుస్తాది సూడు, పొగరనుకున్నావేటి? శ్రుతి అందదని బెదురు. నువ్వు ఇంకా గట్టిగా అదిలించావనుకో, నోరే మూసేస్తాది. లేదా ఏడిచి లేచిపోతాది. అలాంటిదాన్ని ఏటి చెయ్యాలి? కింది శ్రుతిలో మొదలెట్టాలి. అందినంతే పాడించాలి. అందిందని నమ్మకం వచ్చాక కొంచెం పెంచాలి."

అంతసేపటికి మంచం కింద నుంచి ఒక తడిమూతి వచ్చి అత్త మోకాలికి ఆనింది.

మర్నాటి నుంచి కేసరికి కింది శ్రుతి పాఠాలు మొదలయ్యాయి. నేను దాన్ని గొలుసుతో పట్టుకుని వీధిగుమ్మం దగ్గర కూర్చునేదాన్ని. బ్యాంకు పిన్ని సందు చివర పాలబూత్ దగ్గర నిలబడేది. అంత దూరంలో కేసరికి ఆవిడ కనిపించేది గానీ భయం వేసేది కాదు. అలా చూసి ఊరుకున్నప్పుడల్లా ఒక ఇడ్లీ ముక్క. మొరిగిందంటే తప్పు దానిది కాదు, మనం తొందరపడ్డట్టు. పిన్ని మళ్ళీ వెనక్కి వెళ్ళాలి. సూటిగా ఎదురు రాకూడదు, కళ్ళలోకి చూడకూడదు, పక్కకి తిరిగి నడవాలి. ఈ మాట తెలిసి, మానేసిన పిల్లలు కూడా సరదాకి రావడం మొదలుపెట్టారు. సాయంత్రమయ్యేసరికి సంగీతం పుస్తకాలు చంకన పెట్టుకుని ఆడపిల్లలందరూ సందులో ఎండ్రకాయల్లా అడ్డంగా నడుస్తూంటే, ఎదురింటి మామ్మగారు గుమ్మంలోకి వచ్చి, "ఏటమ్మా, పాట మానీసి డేన్సు సెప్తన్నావా?" అని అడిగింది.

కుక్కరు కూతని నేను ఫోనులో రికార్డు చేశాను (ఆ ఫోను పనికొచ్చింది అప్పుడే). కేసరి తింటున్నప్పుడు వినిపించీ వినిపించనంత చిన్నగా పెట్టి, రోజులు గడిచిన కొద్దీ పెంచుకుంటూ వచ్చాను. కేసరి అలవాటు పడింది గానీ మావయ్య పడలేదు. ఆ కూత వినగానే కాళ్ళు కడుక్కుని వచ్చి పీట వేసుకుని, "పప్పు దించారేటి?" అనేవాడు. చిరిగిన చీర సంగతి మరచిపోయి బ్యాంకు పిన్ని తన పాతగొడుగు కూడా ఇచ్చేసింది. మొదట మూసినది దాని గిన్నె పక్కన పడేశాం, తరవాత సగం విప్పి పెట్టాం. చివరికి కేసరి ఎండపూట ఆ గొడుగు కిందే పడుకునేది. ఇడ్లీలకి నడుం కూడా కొంచెం లావెక్కింది.

దీపావళి వచ్చి అంతా పాడు చేసింది. మొదటి టపాసు పేలగానే అత్త దీపాలు పెట్టే పని నాకు అప్పగించి, కేసరిని తీసుకుని లోపలిగదిలో తలుపేసుకుంది. వీధంతా వెలుగులు, పొగ, కేకలు. నేను ప్రమిదలో నూనె పోస్తూ చెవి ఒగ్గి విన్నాను. తలుపు వెనక శ్రుతిపెట్టె చిన్నగా మోగుతోంది, దాని మీద అత్త గొంతు, ఎవరినో నిద్రపుచ్చుతున్నట్టు. ఆ పాట ఆ తరవాత నేను మరెక్కడా వినలేదు. పండగ వెళ్ళిపోయాక చూస్తే కేసరి మళ్ళీ మొదటికే వచ్చింది. నాకు ఏడుపొచ్చింది. అత్త విసుక్కోలేదు. "పోన్లే, మళ్ళీ పాలబూత్ నుంచి మొదలెడదాం" అంది, సరళీస్వరాలు మరచిపోయిన పిల్లతో అన్నట్టు.

మా పాఠం మళ్ళీ గుమ్మందాకా వచ్చిన రోజుల్లో, ఒక మధ్యాహ్నం కోటబొమ్మాళి నేస్తం దిగాడు. ఆమదాలవలసలో ధాన్యం దింపేసి, వ్యానుతో సహా వచ్చాడు. ఆయనకి రావద్దని చెప్పడం మావయ్య మరచిపోయాడట. ఆరడుగుల మనిషి, పెద్ద మీసం, కిర్రుచెప్పులు, వీధి చివరికి వినిపించే గొంతు. కేసరి భయాలన్నీ ఒక్కచోట చేర్చి చేసినట్టున్నాడు. "ఏదిరా నీ పులి?" అంటూ తిన్నగా లోపలికి వచ్చేశాడు. కేసరి లేచి నిలబడింది. వీపు మీద వెంట్రుకలు లేవడం నాకు కనిపించింది. అత్త స్తంభం పట్టుకుని కదలకుండా ఉండిపోయింది. నేను ఉండబట్టలేక, "బాబాయ్, పక్కకి తిరగండి!" అని అరిచాను. ఏమనుకున్నాడో ఏమో, ఆ పెద్దమనిషి ఠక్కున పక్కకి తిరిగి, ఫొటో తీయించుకుంటున్నట్టు బిగుసుకుని నిలబడ్డాడు.

కేసరి ఒక అడుగు వేసింది. ఆగింది. అత్త వైపు చూసింది. "మంచోడే నాన్నా" అంది అత్త, గొంతు పెంచకుండా. కేసరి వెళ్ళి ఆ కిర్రుచెప్పులు వాసన చూసి, ఒక తుమ్ము తుమ్మి, ఆయన పాదాల మీద గడ్డం ఆనించి పడుకుంది.

ఆయన కిందకి చూసి, మావయ్య వైపు చూశాడు. "ఏట్రా ఇది? కుక్కా, గొర్రిపిల్లా? దొంగోడొస్తే కాళ్ళు పడతాదేటి? పులన్నావు, నిప్పురవ్వన్నావు, ఇంత దూరం తిప్పీసినావు. నాకొద్దు బాబూ, నువ్వే ఉంచుకో."

"నిజమే అన్నయ్యా, ఎందుకూ పనికిరాదు" అంది అత్త. కళ్ళనిండా నీళ్ళు, నోటినిండా నవ్వు. ఆయనకి ఇచ్చిన కాఫీలో పంచదార రెండుసార్లు వేసేసింది. మావయ్య మాత్రం నేస్తం ముందు చిన్నబోయినట్టు మొహం పెట్టి, కుర్చీ కింద నుంచి కేసరి చెవి గోకుతూ కూర్చున్నాడు.

చదువయ్యాక నాకు విజయనగరంలో ఉద్యోగం వచ్చింది. ఆమదాలవలస స్టేషన్లో రైలెక్కితే గంటలో దిగిపోతాం. దానికే అత్త, మావయ్య, బ్యాంకు పిన్ని, కేసరి అందరూ ఆటోలో సాగనంపడానికి వచ్చారు. రైలు ప్లాట్‌ఫారం మీదకి వస్తూంటే కేసరి అత్త కుచ్చిళ్ళ వెనక దాక్కుంది. నేను ఎక్కేశాక, బండి కదిలాక, ఏమనిపించిందో ముందుకు వచ్చి ఆ రైలంతటినీ తిట్టడం మొదలుపెట్టింది. చివరి పెట్టె దాటేదాకా దాని గొంతు వినిపిస్తూనే ఉంది. అత్త ఆ రోజు దాన్ని ఊరుకోమనలేదు.

గంట దూరమే. అయినా ఏదో ఒక పని, సెలవు దొరకదు, ఒంట్లో బాగుండదు. వెళ్ళిన ప్రతిసారీ కేసరి మూతి మీద తెలుపు పెరుగుతూ వచ్చింది. చివరికి ఒక మధ్యాహ్నం నేను ఆఫీసులో ఉండగా అత్త ఫోను చేసింది. ఎండల గురించి మాట్లాడింది, కొత్తగా చేరిన పిల్లల గురించి మాట్లాడింది, మావయ్య మోకాళ్ళ గురించి మాట్లాడింది. అన్నీ అయ్యాక, "మనోడు పొద్దున పోనాడే" అంది.

ఫోను పెట్టేసి బల్ల మీద తలవాల్చి ఏడుస్తూంటే పక్కసీటు పెద్దాయన కంగారుపడి, "ఎవరమ్మా?" అన్నాడు.

"మా అత్త దగ్గర పాట క్లాసులో ఉండేవాడండీ."

"అయ్యో. బాగా పాడేవాడా?"

"లేదండీ" అన్నాను ముక్కు తుడుచుకుంటూ. "నోరు మాత్రం పెద్దది."

ఆయన పాపం గౌరవంగా తలూపి, మంచినీళ్ళ సీసా నా ముందుకి జరిపాడు. తాగబోయి నవ్వేశాను, నీళ్ళన్నీ కాగితాల మీద పడ్డాయి. కుక్క కోసం ఏడుస్తున్నానని చెప్పడానికి సిగ్గుపడి, అబద్ధం చెప్పడం చేతకాక, నిజమే చెప్పిన ఆ అమ్మాయి గుర్తొస్తే నాకు ఇప్పటికీ ముద్దొస్తుంది.