ఇటుకల దిబ్బ నుంచి గట్టుకు

మా ముత్తాతగారు వంశధార దిగువన మొఖాసాదారు, ఊళ్ల శిస్తు ఆయనకే చెల్లేది. ఆయన వీధిలోకి వస్తే జనం గొడుగులు మడిచి పక్కకు తప్పుకునేవారట. తాతగారికి తాలూకా కచేరీలో కుర్చీ వేసేవారు. ఏట్లో దిగి స్నానం చేయడం మా ఇంటి మగవాళ్లకు నామోషీ. నీళ్లే బిందెల్లో ఇంటికి వచ్చేవి. అందుకే నాకు ఈత రాదు.

ఏరు సముద్రంలో కలిసే చోటికి దగ్గర్లో, ఒక లంకలో బౌద్ధ స్తూపం ఆనవాలు ఉంది. ఇటుకల దిబ్బ, చుట్టూ ముళ్లకంచె, తుప్పుపట్టిన పురావస్తు శాఖ బోర్డు. మొన్న వానాకాలం చివర్లో చూడటానికి వెళ్లాను. పడవవాడు తొందరగా చూసి వచ్చేయమన్నాడు. నన్నొకడు తొందరపెట్టడం నచ్చక, వెళ్లి సాయంత్రం రమ్మన్నాను.

ఒక ఇటుక మీద, అది పచ్చిగా ఉన్నప్పుడు తొక్కిన కుక్క అడుగు ఉంది. దాని ముందు చాలాసేపు కూర్చుండిపోయాను. తల ఎత్తేసరికి నేను దిగిన ఇసుక తిన్నె లేదు. ఆకాశంలో మబ్బు లేదు. ఎగువన ఒడిశాలో కురిసిన వాన ఎర్రగా, నురగతో కంచెదాకా వచ్చేసింది. అవతల పడవవాడు రాలేనన్నట్టు చేతులు అడ్డంగా ఊపాడు. దిబ్బ ఎక్కాను. అది నా నడుమెత్తు లేదు. బోర్డు పట్టుకుని నిలబడ్డాను.

లంకలో గేదెలు మేపే ఆవిడ మందను వెనకవైపు సన్నపాయకు తోలుతోంది. నన్ను చూసి ఆగింది.

"ఏటి బాబూ, ఇక్కడే తొంగుంటారేటి? రండి, దీని తోక పట్టుకోండి."

పడవ కోసం చూస్తానన్నాను. పడవ రేపటికి కూడా రాదనీ, పోయిన వరదకు దిబ్బ మునిగిందనీ చెప్పింది. ఇంకా నిలబడే ఉన్నాను. ఆవిడ గేదెను నీళ్లలోకి దింపి, తోక నా వైపు చాపింది.

"ఒగ్గీకండి, అంతే. ఒగ్గీసినారంటే సముద్రమే."

పట్టుకున్నాను. నాలుగడుగులకే కాళ్లకింద నేల పోయింది. బురదనీళ్లు నోట్లోకి, ముక్కులోకి వచ్చాయి. ఒక చోట గేదె పక్కకు కొట్టుకుపోయింది, దానితో నేనూ. కళ్లు మూసుకుని ఆ తోకను రెండు చేతులతో గుండెకు అదుముకున్నాను.

గట్టు మీద బోర్లా పడి కక్కుకున్నాను. వేళ్లు విడిపోలేదు, ఆవిడే ఒక్కొక్కటీ విప్పింది.

"మీ ఇంట గేదెల్లేవేటి బాబూ? ఇంత బయమేటి?"

ఉండేవని చెప్పాను. సావిడి నిండా ఉండేవి. చివరిదాన్ని, దూడతో సహా, మా నాన్నగారు నారాయణవలస సంతలో అమ్మేశారు.