షుగర్ మంచిగనే ఉంది

హుస్నాబాద్‌లో మా తల్లిగారింట్లో బాపుకి, అంటే మా నాన్నకి, షుగర్ మిషన్ అంటే మహా ముద్దు. మా అన్న కొనిచ్చినప్పటి నుంచి ఇంటికొచ్చిన వాళ్ళెవరినీ వదిలేవాడు కాదు. చాయ్ తాగేలోపు వేలికి సూది గుచ్చి, స్ట్రిప్ మీద చుక్క పెట్టి, అంకె చదివి తీర్పు చెప్పేవాడు. మరమగ్గాల దగ్గర చూపు పాడుచేసుకున్న మనిషి, ఆ అంకెలు మాత్రం కళ్ళద్దాలు లేకుండా చదివేవాడు. మేమంతా నవ్వుకునేవాళ్ళం.

వేసవి సెలవులకు వెళ్ళినప్పుడు ఒక పొద్దున, ఏడేళ్ళ నా కూతురు పళ్ళు తోముకుంటూ బ్రష్ జారవిడిచింది. మళ్ళీ ఇచ్చాను, మళ్ళీ జారింది. కుడిచెయ్యి వేలాడుతోంది, మాట ముద్దగా వస్తోంది. ఆటో పిలవమన్నాను. బాపు అప్పటికే మిషన్ తెచ్చి, వాలిపోయిన ఆ చేతి వేలినే గుచ్చాడు. సూది అంటే ఇల్లు పీకి పందిరేసే పిల్ల కిక్కురుమనలేదు.

"షుగర్ మంచిగనే ఉంది. చెయ్యి మీద పండుకున్నదేమో, తిమ్మిరెక్కింది. జర పండనియ్యి" అన్నాడు.

అంకె చూశాక ఇంట్లో అందరికీ ప్రాణం లేచొచ్చింది. పక్షవాతం ముసలోళ్ళకు కదా వచ్చేది, చిన్నపిల్లకెందుకొస్తుందని మా అవ్వ పిల్ల చేతికి ఆముదం రాసింది. నేను గొణిగాను గానీ, మా ఇంట్లో బాపు మాట మీద ఇంకో మాట ఉండదు. సాయంత్రానికి పిల్ల మూతి కూడా పక్కకు పోయింది. అప్పుడు పరుగెత్తాం కరీంనగర్‌కి.

అక్కడ ఆసుపత్రిలో మంచం మీద పడుకోబెట్టగానే నర్సు చేసిన మొదటి పని మళ్ళీ అదే, వేలికి సూది. షుగర్ పొద్దున్నే చూశామని, బాగానే ఉందని బాపు గబగబా చెప్పాడు. డాక్టర్ కుర్రవాడు, కసురుకోలేదు.

"షుగర్ పడిపోయినా చెయ్యి ఇట్లనే ఐతది పెద్దాయనా. అందుకే ముందు అది చూస్తం. తక్కువుంటే గ్లూకోజ్ ఎక్కిస్తం. మంచిగుందంటేనే పక్షవాతమేమో అని ఎక్కువ భయపడాలె."

రక్తం గడ్డకట్టే తీరు చూడాలని ఇంకో పరీక్షకు రక్తం తీసి, స్కానింగ్‌కి తీసుకెళ్ళారు. మెదడుకు పోయే రక్తనాళంలో రక్తం గడ్డకట్టి అడ్డం పడిందన్నారు. ఇది పక్షవాతమేనని ఒక్క చుక్కతో చెప్పే మిషన్ లేదా అని అడిగాను. దానికోసం వెతుకుతున్నారట, మన దాకా ఇంకా రాలేదట, ఇప్పటికైతే స్కానింగే దిక్కట. పొద్దున్నే తెచ్చి ఉంటే అని మొదలుపెట్టి, డాక్టర్ బాపు మొహం చూసి ఆగిపోయాడు. ఆ ఆగిన మాట నన్ను ఇప్పటికీ తినేస్తోంది. బాపు మీద కోపం లేదని అందరికీ చెబుతాను. అబద్ధం, ఉంది. పిల్ల చెప్పులు ఒళ్ళో పెట్టుకుని ఆయన వార్డు బయట కూర్చున్నది గుర్తొస్తే మాత్రం ఆ కోపం నిలవదు. అదే నా ఏడుపు.

మాట తిరిగొచ్చింది. నడక వచ్చింది. చెయ్యి రాలేదు.

మొన్న తల్లిగారింట్లో సత్యనారాయణ వ్రతమయ్యాక బాపు ప్రసాదం పంచుతున్నాడు. పిల్లలు వరసగా నిలబడ్డారు. ముందున్నది ఎవరో చూడకుండానే, గిన్నెలోకి వంగి, అందరికీ అదే మాట చెబుతూ పెడుతున్నాడు. నా కూతురి వంతు వచ్చింది, ఎడమచెయ్యి చాపింది.

"కుడిచెయ్యి పట్టాలె బిడ్డా."

అది ఎడమచేత్తో కుడి మణికట్టు పట్టుకుని పైకెత్తి, తాత ముందు పెట్టింది. వేళ్ళు తెరుచుకోలేదు.