తలమీది నూనె

నిన్న కోరుట్లలో బైబిలు ట్రైనింగ్ స్కూలు వార్షికోత్సవానికి అమ్మ పట్టుబడితే వెళ్లాను. గుమ్మంలోనే ఎవరో నా నుదుటికి ప్రార్థన నూనె రాశారు. అదే కొబ్బరినూనె వాసన. ఒళ్లు మండింది.

ఆ స్కూలు మొదలైంది నా చిన్నప్పుడు, మా ఇంటి ముందున్న రేకుల షెడ్డులో. బాపు దుబాయిలో ఉండేవాడు. అమ్మ ఆ విద్యార్థులకు వండిపెట్టేది. పొద్దున్నే వాళ్లు చేతులెత్తి, ఎవరికీ అర్థంకాని అన్యభాషల్లో గట్టిగా ప్రార్థించేవాళ్లు. అది దుబాయి భాషేననీ, అంత దూరం వినపడాలనే అరుస్తున్నారనీ అనుకున్నాను.

ఒకరోజు స్కూలు నడిపే పాస్టరయ్య చొక్కా పట్టుకున్నాను.

"అయ్యగారూ, గా భాషల మా బాపుకు చెప్పుండ్రి, ఇంటికి రమ్మని."

ఆయన నవ్వలేదు. నా తలమీద నూనె పోసి, "చెప్పిన బిడ్డా, అస్తడు" అన్నాడు.

నూనె పోతే ఆ మాట కూడా పోతుందని భయపడి, అమ్మను ఎన్నాళ్లో తలస్నానం చేయించనివ్వలేదు. జుట్టు కంపు కొట్టింది. బాపు రాలేదు. అక్కడే ఇంకో సంసారం పెట్టుకున్నాడని తర్వాత తెలిసింది.

నిన్న అదే పాస్టరయ్య, ఇప్పుడు ముసలివాడు, స్కూలు చరిత్ర చెబుతూ స్టేజీ మీద నా కథ ఎత్తుకున్నాడు.

"గా చిన్నపిల్ల విశ్వాసం దేవుడు చూసిండు. నెల తిరగకముందే తండ్రి ఇంటికచ్చిండు!"

హాలంతా హల్లెలూయా అంటూ చప్పట్లు కొట్టింది. నేను లేవబోయాను. అమ్మ నా చెయ్యి పట్టి కూర్చోబెట్టింది.

"ఊకో బిడ్డా. ఈళ్ల కథలోనన్న అచ్చిండు."