బాద్షా మీద గోనెపట్టా

ప్రొద్దుటూరులో మా ఆఫీసుకు ఎదురుగా ఈమధ్య ఒక హోటలు తెరిచారు. మధ్యాహ్నమయ్యేసరికి అందులోంచి ఉలవచారు కాగే వాసన రోడ్డు దాటి వచ్చి మా బల్లల మధ్య తిరుగుతుంది. నాతో పనిచేసేవాళ్ళకు ఆ వాసన తగలగానే ఆకలి పుడుతుంది. నాకు మాత్రం నలభై ఏళ్ళ కిందటి జమ్మలమడుగు, మా వీధి చివరి రేకుల కొట్టం, అందులో మూడు రాళ్ళ పొయ్యి మీద మసిబట్టిన డేగిసాలో గుడగుడమని ఉడికే ఉలవలు, ఆ ఆవిరిలోకి మెడ చాచే ఒక గుర్రం, దాని పక్కనే నిలబడిన ఇంకొక జంతువు గుర్తుకొస్తాయి. ఆ రెండో జంతువు గురించి నేను పదేళ్ళ వయసులో ఒక అబద్ధం చెప్పాను. దానివల్ల ఒక మంచి మనిషి పేరు చెడింది. దాన్ని సరిచేయడానికే ఇది రాస్తున్నాను.

ఆ కొట్టం మస్తాన్ మామది. ఆయన జట్కా తోలేవాడు. మా నాయన బడిపంతులు. మా ఇంటికీ వాళ్ళ ఇంటికీ నడుమ నిలువెత్తు మట్టిగోడ ఒకటే అడ్డం. ఉగాదికి మా అమ్మ చేసిన ఓళిగలు ఆ గోడ మీదుగా అటు పోయేవి, పీర్ల పండగకు వాళ్ళ ఇంటి బెల్లప్పానకం మా చెంబులోకి ఇటు వచ్చేది. వానాకాలంలో నల్లరేగడి మన్ను జట్కా చక్రాలకు పట్టి రొట్టెల్లా ఊడిపడేది, ఎండాకాలంలో అదే మన్ను పొడిపొడిగా లేచి మా పలకల మీద, పుస్తకాల మీద, చెనిగ్గింజల బెల్లపుండలు దాచుకున్న జేబుల్లో కూడా చేరేది. పొద్దున ఎనిమిదికి మస్తాన్ మామ జట్కా మా వీధిలో ఆగితే పదిమంది పిల్లలం బియ్యం మూటల్లా ఒకరిమీద ఒకరం సర్దుకునేవాళ్ళం. ముందరి పలక మీద ఆయన పక్కన ఆయన కూతురు ఖైరూన్ కూర్చునేది. అది నా తరగతే, నాకన్నా లెక్కలు బాగా చేసేది, ఆ సంగతి రోజుకొకసారి నాకు గుర్తుచేసేది కూడా. ఆ జట్కా ఎక్కిన పిల్లకు మోకాలు గీసుకుపోయిన సందర్భం కూడా లేదు. తల్లులు వాకిట్లో నిలబడి చూడకుండానే లోపలికి వెళ్ళిపోయేవాళ్ళు. అంత నమ్మకం.

గుర్రాల సంగతి ఆయనకు తెలిసినంత ఆ ప్రాంతంలో ఎవరికీ తెలియదనేవాళ్ళు. ప్రొద్దుటూరు నుంచి, ముద్దనూరు నుంచి జట్కాలవాళ్ళు మాట వినని గుర్రప్పిల్లలను ఆయన దగ్గరికి తోలుకొచ్చేవాళ్ళు. వాటిని ఆయన పెన్నలోకి తీసుకుపోయేవాడు. ఆదివారాల్లో మేమూ వెంటపడేవాళ్ళం. ఎండిన ఏటి ఇసుకలో గుర్రప్పిల్ల కాళ్ళు దిగబడి త్వరగా అలిసిపోతుంది, పడినా దానికీ మనిషికీ దెబ్బ తగలదు. మొదటి వారమంతా దాని వీపు మీద ఉత్త గోనెపట్టా వేసి తిప్పేవాడు. అది అలవాటయ్యాక గోనెసంచిలో తడి ఇసుక పోసి మోయించేవాడు. ఆ తర్వాత ఒకరోజు తానే దాని మీద అడ్డంగా, ఉతికిన పంచె ఆరేసినట్టు, బోర్లా పడుకునేవాడు. అన్నిటికన్నా చివర కాలు అటు వేసి కూర్చునేవాడు. అప్పటికి ఆ గుర్రప్పిల్లకు ఇదేమీ కొత్తగా ఉండేది కాదు. గోనెపట్టాతో మొదలైన చదువు సవారీతో ముగుస్తుందని మా వీధి పిల్లలందరికీ కంఠతా వచ్చు. నా తప్పంతా ఆ పాఠం బాగా రావడంలోనే ఉంది.

చీనీకాయలు, అంటే బత్తాయిలు, దిగే కాలంలో ఒకనాటి మధ్యాహ్నం పులివెందుల నుంచి వచ్చిన లారీ ఒకటి మా వీధి మొదట్లో ఆగింది. మస్తాన్ మామ బావమరిది ఆ లారీకి డ్రైవరు. తొండూరు దగ్గర పాడుబడిన బావిలో మనుబోతు దూడ, నీలగాయి అంటారే ఆ అడవి జంతువు పిల్ల, పడిపోయిందట. రైతులు మోకులేసి పైకి తీశారు గానీ, తల్లి జాడ లేదు. ఏం చేయాలో తోచక ఆయన దాన్ని చీనీకాయల గంపల మధ్య వరిగడ్డిలో పడుకోబెట్టి ఇక్కడికి తెచ్చాడు. ఇసుక రంగు ఒళ్ళు, పొడుగు కాళ్ళు, కాటుక పెట్టినట్టు పెద్ద కళ్ళు. దించేటప్పుడు దాని ఒంటినిండా చీనీతొక్కల వాసన. ఖైరూన్ దానికి బాద్షా అని పేరు పెట్టింది. సీసాకు రబ్బరు తిత్తి తగిలించి మేకపాలు పట్టి మస్తాన్ మామ దాన్ని బతికించాడు. రెండేళ్ళకు అది మా నాయన భుజాలంత ఎత్తయింది. ఇసుక రంగు పోయి మబ్బు రంగు వచ్చింది, బెత్తెడు కొమ్ములు మొలిచాయి. మా చేతుల్లోంచి సంగటి ముద్ద తినేది. గుర్రం పక్కన నిలబడి గుర్రంలాగే ఉలవలు తినేది. మా కంటికి అది కొమ్ములున్న గుర్రమే.

ఆ ఏడు చలి ఎక్కువగా ఉండి, బాద్షా పొద్దున్నే వణుకుతుంటే మస్తాన్ మామ దాని వీపు మీద గోనెపట్టా వేసి పొట్ట కింద సుతిలితో కట్టాడు. అది చూసి మా వీధిలో గుసగుసలు మొదలయ్యాయి. పట్టా పడిందంటే చదువు మొదలైనట్టే గదా! మనుబోతు మీద ఊరేగేవాడిని మేము చూడబోతున్నాం. నేను ఆగలేక అడిగేశాను.

"మామా, దీన్ని ఎప్పుడెక్కుతావు?"

ఆయన పళ్ళపుల్ల నోట్లోంచి తీసి నవ్వాడు. "ఎక్కేదేందిరా శీనా? చలికి కప్పినా. గుర్రానికేసింది పాఠం, దీనికేసింది దుప్పటి."

"గుర్రానికి నేర్పినట్ల దీనికీ నేర్పొచ్చు గదా?"

"యాడ నేర్పుతావప్పా? వీపు చూడు. ముందర మిట్ట, ఎనక పల్లం. జీనేస్తే జారి తోకకాడికి పోతాది." దాని చెవుల మధ్య గోకుతూ మళ్ళీ అన్నాడు. "వీపుదేముంది, అది శానా చిన్న మాట. గుర్రాలు మందలో ఒకదాని ఎనకాల ఒకటి పోతాయి. ముందర పోయేదాన్ని నమ్ముతాయి. ఆ ముందరి జాగాలో మనిషి నిలబడితే మనిషిని నమ్ముతాయి. దీనికి అట్ల ఎవురూ లేరు. బెదిరిందంటే దాని కాళ్ళే దానికి దిక్కు. ఇది మనతో ఉంటాది గానీ మన కింద ఉండదు."

ఖైరూన్ పక్కనుంచి, "వాడెక్కుతాడంట నాయనా, జట్కా ఎక్కేకే ముక్కాలిపీట అడుగుతాడు" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గానీ ఆ మాట లోపల గుచ్చుకుని ఉండిపోయింది. పైగా మస్తాన్ మామ మా దగ్గర దాస్తున్నాడని, పీర్ల పండగకు అందరి ముందూ ఎక్కి చూపిస్తాడని మా పిల్లల లెక్క. ఆయనకన్నా ముందు నేనెక్కాలనుకున్నాను.

శివరాత్రి సెలవు ఆ ఏడు శుక్రవారం వచ్చింది. మధ్యాహ్నం మస్తాన్ మామ నమాజుకు వెళ్ళాడు. ఇంట్లోవాళ్ళు భోజనాల దగ్గర ఉన్నారు. నేను మట్టిగోడ దూకి కొట్టంలోకి పోయాను. పొద్దున చలికి కట్టిన గోనెపట్టా బాద్షా వీపు మీద ఇంకా ఉంది. నీళ్ళతొట్టి గట్టెక్కి, దాని మెడ నిమిరి, కాలు అటు వేసి కూర్చున్నాను.

ఒక క్షణం అది కదల్లేదు. నా తొడల కింద దాని చర్మం వానచుక్కలు పడిన చెరువులా వణకడం నాకు ఇప్పటికీ తెలుస్తుంది. తర్వాత అది ఎగరలేదు, తన్నలేదు, కొమ్ములు విసరలేదు. పారిపోయింది, అంతే. పలుపు తెగింది. మస్తాన్ మామ చెప్పినట్టే గోనెపట్టా నాతో సహా వెనక్కి జారింది. వాకిట్లో ఉన్న రుబ్బురోలు మీద పడి నా ఎడమచెయ్యి విరిగింది. బాద్షా ఆ మూల గోడకు ఆనుకుని, నోరు తెరిచి రొప్పుతూ, నావైపే చూస్తూ నిలబడింది. నాకన్నా దానికే ఎక్కువ భయమేసిందని ఆ చూపులోనే తెలిసింది.

ఖైరూన్ వాళ్ళమ్మ పరుగెత్తుకొచ్చి "ఏమాయె నాయనా?" అని ఎత్తుకుంది. ఆ జంతువు జోలికి పోతే వీపు చీరేస్తానని మా నాయన అంతకు ముందే చెప్పి ఉన్నాడు. వేలాడుతున్న చెయ్యికన్నా ఆ బెత్తమే నా కళ్ళ ముందు కనబడింది.

"పొడిచింది" అన్నాను.

సాయంత్రం కట్టు కట్టే ఆయన వాకిట్లో, వెదురుబద్దల మధ్య నా చెయ్యి బిగిస్తున్నప్పుడు మస్తాన్ మామ వచ్చాడు. ఎట్ల జరిగిందని అడిగాడు. నాయన పక్కనే ఉన్నాడు. గోడ దగ్గర ఆడుకుంటుంటే తరుముకొచ్చి పొడిచిందని మళ్ళీ చెప్పాను. ఆయన చూపు నా మొహం మీది నుంచి నా ఖాకీ నిక్కరు మీదికి దిగింది. తొడల లోపలివైపు, గోనెపట్టా అంచు దాటినచోట, మబ్బు రంగు వెంట్రుకలు అంటుకుని ఉన్నాయి. ఎక్కినవాడికి తప్ప అక్కడ అంటవు. ఆయన వంగి, దుమ్ము దులిపినట్టు, ఆ వెంట్రుకలను అరచేత్తో తుడిచేశాడు. "తొందరగా బాగైతాదిలే అప్పా" అని మాత్రం అన్నాడు.

మూడు రోజులు తిరగకముందే వీధి పెద్దలు ఆయన ఇంటి ముందు చేరారు. అడవి జంతువును పిల్లల మధ్య వదిలినవాడి చేతిలో మా పిల్లలను ఎట్లా పెట్టేదన్నారు. ముందు మాట్లాడింది మా నాయనే. మస్తాన్ మామ ఒక్క మాట ఎదురు చెప్పలేదు. చీనీకాయల లారీలోనే బాద్షాను ఇడుపులపాయ దాటి కొండల్లోకి తీసుకుపోయి వదిలి వచ్చాడు. "దిగి పది అడుగులేసి గడ్డి మేసిందప్పా" అని ఎవరో అడిగితే చెప్పాడు. అయినా పిల్లలు ఒక్కొక్కరే జట్కా మానేశారు. ఎండలు ముదిరేనాటికి జట్కాలో ఖైరూన్ ఒక్కతే మిగిలింది. ఒక్క పిల్ల కోసం గుర్రాన్ని మేపలేక ఆయన జట్కా అమ్మేసి ఎర్రగుంట్లకు పోయాడు. అక్కడ సిమెంటు మూటలు లారీలకెత్తే పని. ఖైరూన్ చదువు ఆరో తరగతిలో ఆగింది.

పెద్దయ్యాక నేను ఈ విషయం మీద దొరికినంత చదివాను. ఆఫ్రికాలో చారల గుర్రాలను లొంగదీయబోయి చేతులెత్తేసినవాళ్ళ సంగతి, జింకలు మచ్చికైనా వీపు ఇవ్వకపోవడం, ఒక జంతువు ఇంట్లో పెరగడం వేరు, దాని జాతి తరాల తరబడి మనిషి చేతిలో మారుతూ రావడం వేరు అన్న సంగతి. ప్రతి పుస్తకంలోనూ చివరికి నాకు కనబడింది మస్తాన్ మామ కొట్టంలో చెప్పిన మాటే. మచ్చికంటే లొంగడం కాదని నాకు నేర్పిన మొదటి గురువు ఆయన. నా వీపు చిట్లకుండా కాపాడిందీ ఆయనే. ఆ రుణభారం ఎప్పుడూ మనసులోనే ఉంది గానీ, కాళ్ళు అటు కదలడానికి ఇన్నేళ్ళు పట్టింది.

పోయిన నెల ఎర్రగుంట్ల వెళ్ళాను. ఖైరూన్ కుట్టుమిషన్ ముందు కూర్చుని ఉంది. ఆమె కొడుకు కువైట్‌లో ఉన్నాడట. మస్తాన్ మామకు ఎనభై దాటాయి, చెవులు సరిగా వినపడవు. నవారు మంచం పక్కన కూర్చుని, గట్టిగా, వీధిలోకి వినపడేట్టు జరిగిందంతా చెప్పాను. మిషన్ ఆగిపోయింది.

"నలభై ఏండ్లు యాడ పెట్టుకోనుంటివి శీనా ఈ మాట?" అంది ఖైరూన్. "మాకు చెప్తే ఏమొస్తాది? మా నాయన ఎట్లాటోడో మాకు తెల్సు. పో, ఆ వీధిలో చెప్పు. పిల్లోల్లను దింపుకోని పోయినోల్లకు చెప్పు." ఆమె నాకు టీ కూడా ఇవ్వలేదు. అది న్యాయమే.

"ఆపొద్దే ఎందుకు చెప్పల్యా మామా నువ్వు?" అని ఆయన చెవి దగ్గర అడిగాను.

"మీ నాయన నిన్ను సంపేసేటోడు గదప్పా. నాలుగు దినాలకు అందరూ మర్సిపోతార్లే అనుకుంటి. మర్సల్యా" అన్నాడు. తర్వాత మోచేతి మీద లేచి, మసకబారిన కళ్ళు పెద్దవి చేసి అడిగాడు. "అది సరే గానీ, ఎంతసేపు కూచున్యావు దాని మింద?"

"తొట్టికాడినుంచి రుబ్బురోలు దాకా మామా."

ఆయన బోసినోటితో చాలాసేపు నవ్వాడు. "నా జల్మలో దాని మింద కూచున్నోడు నువ్వొక్కడివేరా" అన్నాడు.

అక్కడినుంచి నేరుగా జమ్మలమడుగు పోయాను. కొట్టం ఉన్నచోట ఇప్పుడు ఆటోల షెడ్డు. మట్టిగోడ లేదు. మా నాయనా, ఆనాటి పెద్దల్లో చాలామందీ పోయారు. వాళ్ళ పిల్లలు కడపలో, బెంగుళూరులో ఉన్నారు. జట్కా అంటే ఏమిటో నేను వివరించాల్సిన కుర్రవాళ్ళు ఆటోల్లో కూర్చుని ఫోన్లు చూసుకుంటున్నారు. వీధంతా తిరిగితే ఆనాటివాళ్ళలో ఒక్కరే దొరికారు, నాతోపాటు జట్కా ఎక్కిన ఒకడి తల్లి. అరుగు మీద చింతపండు గింజలు తీస్తోంది. నా పేరు చెప్పగానే, "మనుబోతు పొడిచింది నిన్నే గదప్పా?" అంది.

"పొడవల్యా అవ్వా. నేనే దొంగగా ఎక్కి పడినా. అబద్ధం చెప్పినా."

ఆమె చేతిలో గింజ అట్లాగే ఉండిపోయింది. "అయితే మస్తాను బండిలోనుంచి మా పిల్లోన్ని ఉత్తపుణ్యానికి దింపుకుంటిమా?" అంది.

అవునన్నాను. మిగిలినవాళ్ళ చిరునామాలు నాకు తెలియవు. వాళ్ళెవరైనా ఇది చదివితే, వాళ్ళకూ అదే జవాబు.