పరదా ఇవతల చేతులు

ఆ రోజుల్లో నాకు మనుషుల మీద కంటే పద్ధతి మీద నమ్మకం ఎక్కువ. తొంభైలు అప్పుడే మొదలయ్యాయి. నేను గద్వాల దవాఖానలో తాత్కాలిక ఉద్యోగిని. (తాత్కాలికం అంటే డాక్టరుగారికి కోపం వచ్చేదాకా అని అర్థం.) ఒకరోజు ఆయన బ్యాటరీతో నడిచే కొత్త బీపీ మిషన్ నా చేతిలో పెట్టి, "నలభై మందికి దీంతోని, పాత పాదరసం దాంతోని చూడు. రెండూ కలవకపోతే మిషన్ వాపస్ పోతది, దాని ఎన్కనే నువ్వు గూడ పోతవ్" అన్నారు.

నేను వారం రోజులు బుర్ర చించుకున్నాను. నేతగాళ్ల వీధిలో బడి అడిగి తీసుకున్నాం. ముందు గదిలో నర్సమ్మ పాత మిషన్‌తో చూస్తుంది. తర్వాత మనిషి అర్ధగంట వరండాలో నెమ్మదిగా కూర్చోవాలి. ఆపైన లోపలి గదిలో నేను కొత్తదానితో చూస్తాను. నర్సమ్మ రాసిన అంకె నాకు తెలియకూడదు, తెలిస్తే నాకు నచ్చిన అంకె వచ్చేదాకా మళ్లీ మళ్లీ చూడాలనిపిస్తుంది. అంతటితో ఆగినా బాగుండేది. ముఖం చూస్తే బీపీ ఎంతుంటుందో ముందే ఊహించేస్తానేమోనని, గదికి అడ్డంగా దుప్పటి కట్టించి, చెయ్యి ఒక్కటే ఇవతలికి చాపమన్నాను. పేర్లు కూడా లేవు, చీటీ మీద నంబరు మాత్రమే. నా తెలివికి నేనే మురిసిపోయాను.

మూడు రోజుల తర్వాత రెండు పుస్తకాలూ పక్కపక్కన పెడితే ఒక్కటీ కలవలేదు. పదిహేడో నంబరుకు నర్సమ్మ నూటపది రాసింది, నేను రెండు వందలు రాశాను. బ్యాటరీలు మార్చాను, పట్టీ మార్చాను. నా చేతికీ నర్సమ్మ చేతికీ రెండింటితో చూస్తే చక్కగా కలుస్తున్నాయి! ఉద్యోగం పోయినట్టే అనుకుని, ముఖం చూసిన నర్సమ్మను ఆనవాళ్లు అడిగి, పదిహేడో నంబరును వెతికి పట్టుకున్నాను. అతనొక నేతగాడు.

"మొన్న రెండోసారి నీకు రెండొందలు ఎట్లొచ్చిందయ్యా?"

"రెండోసారి నేను రాలే సారూ. మా అవ్వను తోలిన."

"అవ్వనా!"

"మరేంది సారూ? చీరకు అంచు అతకాలంటే మగ్గం మీద ఇద్దరుండాలె. నేను అర్ధగంట గీడ కూసుంటే ఆడ మా అన్న ఊకె కూసోవాలె. అవ్వ ఊకె నూలు కండెలు చుడుతుండె, చీటీ ఇచ్చి పంపిన."

"చీటీ నీది కదయ్యా!"

"ఇంటిది సారూ. ఇంట్ల ఎవరొస్తే ఏంది?"

వీధి వీధంతా అదే చేసిందట. "మగోళ్ల నంబర్లకు గాజుల చేతులొస్తుంటె జర గూడ అనుమానం రాలేదా?" అని నర్సమ్మ నిలదీసింది. ఏ నంబరు ఎవరిదో నాకు తెలియకుండా చేసుకున్నది నేనే కదా! తల బాదుకోవాలనిపించింది.

డాక్టరుగారికి అంతా చెప్పాను. ఆయన పుస్తకం మూసి, "నీ సంగతి ఎన్క చూస్త. రెండొందలున్న ఆమె ఏడుంది?" అన్నారు. పరుగున వెళ్లాను. అవ్వ గడప దగ్గర కండెలు చుడుతూ, "నాకేమైంది బిడ్డా? జర తల తిరుగుతది, గంతే" అంది. ఆ రోజే మందులు మొదలుపెట్టించాం. తర్వాత రెండు మిషన్లూ మోసుకుంటూ మగ్గం మగ్గం దగ్గరికీ తిరిగి, పేర్లు రాసుకుని, ముఖాలు చూసి మళ్లీ పరీక్ష చేశాను. మిషన్ నిలబడింది, నేనూ నిలబడ్డాను. అవ్వకు బీపీ చూడడానికి వారం వారం వెళ్లి వెళ్లి, చివరికి ఆమె మనవరాలిని పెళ్లి చేసుకున్నాను.

ఇప్పుడు బీపీ నాకే ఉంది. రోజూ చూసి రాసుకోమన్నారు. మొన్న పుస్తకం తిప్పితే, నేను వనపర్తిలో ఉన్న రోజు కూడా అంకె వేసి ఉంది.

"ఇదెవరిది?" అన్నాను.

"నాదే. గడి ఖాళీగ ఉంటె మంచిగుండదని ఏసిన. ఒక్కింటోళ్లమే గదా!" అంది మా ఆవిడ, తొణక్కుండా.

ఒళ్లు మండిపోయి, కొట్టేద్దామని పెన్ను తీశాను. తీరా చూస్తే నూట అరవై. రమ్మన్నా ఏనాడూ దవాఖాన గడప తొక్కని మనిషి! అంకెను కొట్టేయలేదు. పక్కన ఆమె పేరు రాసి, చెప్పులేసుకొమ్మన్నాను.