కృపాబాయి పెద్దమ్మ పట్టుకున్న చెయ్యి

మా కృపాబాయి పెద్దమ్మ ఎవరి చెయ్యి పట్టుకున్నా ముందు నాడి చూస్తుంది. ప్రార్థన అయ్యాక చేతులు కలిపినా అంతే. నరసాపురంలో నర్సింగ్ నేర్చుకుని, చిన్న వయసులోనే మస్కట్ వచ్చింది. ఆసుపత్రి డ్యూటీలతో కాళ్లు వాచిపోయాక, అక్కడే ఖురం పేటలో ఎడిత్ మేడమ్ అనే ముసలి ఇంగ్లీషు ఆవిడకు ఇంటి నర్సుగా కుదిరింది. నా ఇంటర్ మధ్యలో ఆగిపోతే, అదే ఇంట్లో వంటపనికి నన్నూ పిలిపించింది. అది 2015.

మేడమ్‌కు చేతులు వణికే జబ్బు. భర్త పోయాక ఆవిడకు లోకమంతా ఒక పుస్తకమే. నల్ల తోలు అట్ట, బంగారు అంచులు, లోపల అధ్యాయాలు, వచనాలకు అంకెలు. మొదటిసారి దుమ్ము తుడుస్తూ అది మన వాక్యమే, బైబిలే అనుకుని గుండెలకు హత్తుకున్నాను. కాదట. విక్టోరియా రాణి కాలంలో లండన్‌లో ఒక ఆవిడ కళ్లు మూసుకుని కూర్చుంటే, చేతిలోని పెన్సిలు దానంతటదే కదిలి రాసిన పుస్తకమట. చనిపోయినవాళ్ల ఆత్మలు చెప్పిన మాటలని నమ్మినవాళ్లు దాన్ని లేఖనంలా అచ్చు వేయించుకున్నారు. ఇప్పుడు ఎక్కడా దొరకదట. మేడమ్‌కు అమ్మమ్మ ఇచ్చింది.

రోజూ మధ్యాహ్నం మేడమ్ అందులో ఒక అధ్యాయం చదివి, కళ్లు మూసుకుని, కాగితం మీద పెన్సిలు పెట్టేది. భర్త వచ్చి రాస్తాడని. చెయ్యి వణికి గీతలే పడేవి. మణికట్టు కదలకుండా పట్టుకోమని పెద్దమ్మను అడిగింది.

"ఇదేం ఖర్మే నాకు!" అని వంటింట్లో నా మీద విసుక్కుంది పెద్దమ్మ. "చచ్చినోళ్లని పిలిచే చెయ్యి పట్టుకుంటే పాపం, పట్టుకోకపోతే ఈవిడ అన్నం ముట్టదు."

చివరికి పేషెంటు చెయ్యి పట్టుకోవడం డ్యూటీయే గదా అని పట్టుకుంది. వారాలు గడిచినా గీతలే. మేడమ్ చిక్కిపోతోంది. ఒకరోజు పెద్దమ్మ పట్టుకున్న చెయ్యి పట్టుకున్నట్టే కునికింది. నేను గుమ్మంలోంచి చూస్తుండగానే పెన్సిలు గబగబా కదిలింది. మేడమ్ కళ్లద్దాలు పెట్టుకుని పైకి చదివింది: 'బాగా నిద్రపోయింది. మాత్రలు వేసుకుంది. విరేచనం అయింది.'

పెద్దమ్మ ఉలిక్కిపడి లేచింది. డ్యూటీ దిగేముందు పేషెంటు గురించి జీవితమంతా రాసిన రాత అది. నిద్రలోనూ చేతికి అదే వచ్చింది.

మేడమ్ మాత్రం ఏడుస్తూ నవ్వింది. "ఆయనే! పొద్దున లేస్తే నా కడుపు సంగతే అడిగేవాడు." ఆ రాత్రి గిన్నెడు సూప్ తాగింది. రాత్రి డ్యూటీకి వచ్చిన నర్సు ఫేబాతో ఈ సంబరమంతా చెప్పింది కూడా.

ఫేబా మా సంఘంలోదే. మస్కట్‌లోనే వాడి కబీర్ అనే పేటలో ఒక ఫ్లాట్ హాల్లో శుక్రవారం కూడుకుంటాం. ఆ వారం గుమ్మంలోనే పెద్దమ్మను అందుకుంది. "ఏంటక్కా, దొరగారు నీ చేతిలోంచి వచ్చి విరేచనాల లెక్క రాసెళ్లాడంట?"

నలుగురూ నవ్వారు. సంఘపెద్ద ప్రసాద్ బాబు గారు నవ్వలేదు. నెల మొదటి శుక్రవారం మాకు ప్రభువు బల్ల, రొట్టె పంచుకునే ఆరాధన. ఆ రోజు అదే. తప్పు చేసినవాళ్లను బల్లకు రానివ్వరు. రొట్టె పళ్లెం వాళ్లను దాటి పక్కవాళ్లకు వెళ్లిపోతుంది. పెద్దమ్మకు బల్ల తప్పడమంటే ప్రాణం తప్పినట్టే. జ్వరంలోనూ మానలేదు.

"సిస్టర్, పెన్సిలు కదిపింది ఎవరు? ఆత్మా, మీరా?" అన్నారాయన.

"మీకు విడిగా చెప్తానయ్యగారూ."

"సంఘంలో పుట్టిన మాటకి సంఘంలోనే జవాబు."

పెద్దమ్మ ఫేబా వైపు చూసింది. నేనే అంటే, ఆ సాయంత్రమే మేడమ్ చెవిన పడుతుంది. "నేను చెప్పింది ఈ హాల్లోనే ఆగుద్దా?" అంది.

"దాపరికం దేనికి సిస్టర్?"

"అయితే చెప్పను."

పళ్లెం నా చేతికి వచ్చింది. పక్కన చెయ్యి చాపి కూర్చున్న పెద్దమ్మను దాటించి అవతలికి ఇమ్మని ఆయన సైగ చేశారు. ఆ చెయ్యి అలాగే కాసేపు గాల్లో ఉండిపోయింది.

ఇంటికొచ్చాక గిన్నెలు పగిలేలా తోమింది. "దేవుడికి అన్నీ తెలుసంటారు గదే! మరి ఆ ప్రసాద్ బాబు చెవిలో ఒక్క ముక్క వెయ్యడానికి ఆయనకేం రోగం?"

మర్నాడు మేడమ్ మళ్లీ చెయ్యి చాపింది. పెద్దమ్మ మణికట్టు పట్టుకుంది. కునుకు రాలేదు. బల్ల తప్పాక నిద్రెక్కడిది? కాగితం నిండా గీతలే. మేడమ్ పెన్సిలు వదలకుండానే, రెండో చేత్తో సూప్ గిన్నె పక్కకు నెట్టి గోడవైపు తిరిగింది.

"తాగండి మేడమ్." అంది పెద్దమ్మ. "కొంచెం."

పెద్దమ్మ కళ్లు ఆ నల్ల పుస్తకం మీద కాసేపు ఆగాయి. తర్వాత, బాగా మేలుకునే ఉండి, పళ్లు బిగించి, ఆ చేతిని కదిపింది. మేడమ్ ఇటు తిరిగి చదువుకుంది. 'సూప్ తాగు.'

ముఖం విప్పారి గిన్నె కోసం చెయ్యి చాపింది.

పెద్దమ్మ నా వైపు తిరిగింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"చూస్తావేం? చల్లారిపోయింది. వేడి చేసి పట్రా."