కొసరు ఫైళ్ళు

జగన్నాథరావుగారికి కొసరు వేయకపోతే తోచదు. కూరగాయల కొట్టువాళ్ళు కొత్తిమీర కొసరేస్తారు, ఆయన ఫైళ్ళు కొసరేస్తారు. కంప్యూటర్లో చెరిగిపోయిన ఒక్క ఫోటో వెతికిపెట్టమని పిలిస్తే చాలు, పీడా పోయిందని మనం సంబరపడ్డవన్నీ కూడా లాక్కొచ్చి ముందు పోస్తారు. టెలిఫోను శాఖలో రిటైరై జగ్గయ్యపేటలో స్థిరపడ్డాక ఆయనకున్న వ్యాపకం ఇదొక్కటే. పైసా తీసుకోరు. తీసుకుంటేనన్నా అడిగినంతవరకే తెచ్చేవారేమోనని పేటలో చాలామంది బాధ.

గిన్నెల కొట్టు కుటుంబరావుగారు తన షాపు బోర్డు డిజైను పోయిందని పిలిచారు. బోర్డు వచ్చింది. దాని వెనకే, కాలేజీ రోజుల్లో ఆయన సత్యభామ వేషం కట్టిన ఫోటో వచ్చింది, జడతో సహా.

"ఇదెందుకు తెచ్చారండీ మహానుభావా! నేనే కదండీ చెరిపేసా!"

"పాపం, అదీ అక్కడే నక్కి ఉందండీ. ఒక్కదాన్నే వదిలేసి రావడానికి మనసొప్పలా."

కుటుంబరావుగారి భార్య నవ్వి నవ్వి సోఫాలో కూలబడింది. ఇప్పుడా ఫోటో కొట్లో గల్లాపెట్టె వెనకాల ఫ్రేములో ఉంది.

ఇక ఫోన్లో ఆయన హలో అనరు. "ముందు చేతులు తీయండి!" అని అరుస్తారు. చందర్లపాడు బుల్లిబాబు ఆ అరుపుకి మౌసు వదిలేసి రెండు చేతులూ పైకెత్తి నిలబడ్డాడట, ఫోను స్పీకర్లో పెట్టి.

"రీసైకిల్ బిన్‌లో చూసావా? లేదూ? అయితే ఇంకేం ముట్టుకోకు. ఏదీ సేవ్ చెయ్యకు. డిలీటంటే ఏమనుకున్నావయ్యా? గుమ్మం మీద పేరుపలక పీకడం, అంతే. మనిషి లోపలే ఉంటాడు. ఆ గదిలో కొత్తవాడొచ్చి దిగితేనే పాతవాడు గల్లంతు."

"చేతులు దించమంటారా అండీ?" అన్నాడట బుల్లిబాబు.

అలాంటి మనిషిని అత్తగారు పుష్పవతి ఇంటికి పిలిచేసరికి కోడలు ఉషశ్రీకి ముచ్చెమటలు పోసాయి.

జరిగిందేమిటంటే, పుష్పవతిగారు భజన బృందానికి పెద్ద. పెనుగంచిప్రోలులో పాడిన పాటలన్నీ రికార్డు చేసి కంప్యూటర్లో ఒక ఫోల్డర్లో దాచుకున్నారు. పల్లవికో దగ్గు, చరణానికో దగ్గు ఆవిడ బాణీ. ఓ మధ్యాహ్నం ఉషశ్రీ అత్తగారి ఎర్రచీర చుట్టుకుని, అప్పడాల కర్ర మైకులా పట్టుకుని, కంప్యూటర్ కెమెరా ముందు ఆ దగ్గులన్నీ దగ్గింది. సేవ్ చేస్తే ఆ వీడియో పోయి పోయి అత్తగారి పాటల ఫోల్డర్లో పడింది. అంతలో గేటు చప్పుడు! కంగారులో ఫోల్డరు మొత్తాన్నీ షిఫ్ట్ నొక్కి మరీ డిలీట్ చేసేసింది. అలా చేస్తే రీసైకిల్ బిన్‌లో కూడా మిగలదు.

"మళ్ళీ పాడుకోవచ్చుగా అత్తయ్యా?" అంది, పాటలు పోయాయని అత్తగారు జగన్నాథరావుగారి పేరెత్తగానే, ఆయన్ని పిలవకుండా ఆపుదామని.

"రత్తమ్మగారితో కలిసి పాడినవే అవి. ఆవిడిప్పుడు లేరుగా" అన్నారు పుష్పవతిగారు.

ఉషశ్రీ ప్రాణం చివుక్కుమంది. పాటలు రావాలి. వీడియో రాకూడదు. వచ్చేదేమో జగన్నాథరావుగారు!

ఆయన సంచిలో తన డిస్కు వేసుకుని వచ్చి కూర్చున్నారు. పుష్పవతిగారు పక్కనే కుర్చీ వేసుకుని, "పాటలు చాలు అన్నయ్యగారూ, కొసరేం వద్దు" అన్నారు. కాసేపటికి తెర మీద చెరిగిన ఫైళ్ళన్నీ బారులు తీరాయి. మధ్యలో స్టాంపు బిళ్ళంత బొమ్మ, ఎర్రచీర, అప్పడాల కర్ర. ఉషశ్రీ కళ్ళు మూసేసుకుంది.

"అదేంటీ, ఎర్రగా?" అని అత్తగారు కళ్ళజోడు వెతుక్కుంటున్నారు.

"చెల్లెమ్మా, కాస్త అల్లం టీ ఇప్పించండి. గొంతెండిపోయింది."

"కోడలు పెడుతుందిగా."

"అబ్బే, మీ చేతి టీయే కావాలి."

పుష్పవతిగారు లేచి వంటింట్లోకి వెళ్ళారు. జగన్నాథరావుగారు ఇయర్‌ఫోన్లు తగిలించుకుని వీడియో మొదట్నించి చివరిదాకా చూసారు. భుజాలు కుదిలిపోతున్నాయి. కళ్ళు తుడుచుకుని, ఆ ఒక్క ఫైలు మీద టిక్కు తీసేసారు. పాటలు తన డిస్కులోకి లాగి, తిరిగి కంప్యూటర్లో పెట్టి, మిగిలిన ఖాళీ అంతా పాత సినిమాలతో నింపడం మొదలెట్టారు.

"ఏదీ సేవ్ చెయ్యొద్దంటారుగా బాబాయిగారూ!"

"పాటలు బయటపడ్డాయిగా అమ్మాయ్. ఇక కొత్తవాళ్ళు దిగొచ్చు."

"మీకు ఏదీ వదిలిపెట్టడం రాదని ఊరంతా అంటారే?"

"ఊరికి నేను తెచ్చినవేగా తెలిసేది" అన్నారాయన మెల్లగా.

ఎన్ని ఇళ్ళల్లో ఎన్నెన్ని చూసి, కొంపలు కూల్చేవన్నీ ఇలా చడీచప్పుడూ లేకుండా వదిలేసి వచ్చారో ఈ మనిషి! ఉషశ్రీకి లేచి కాళ్ళకి దణ్ణం పెడదామనిపించింది.

టీ వచ్చేసరికి రత్తమ్మగారి గొంతు గదంతా మోగుతోంది. పుష్పవతిగారి ముఖం చాటంత అయింది.

"మరి... కొసరేం రాలేదా?"

"ఒకటి రెండు కనపడ్డాయి గానీ పూర్తిగా పాడైపోయాయి చెల్లెమ్మా."

"హమ్మయ్య!" అన్నారు పుష్పవతిగారు. అనేసి నాలిక కరుచుకున్నారు.

జగన్నాథరావుగారు ఏమీ విననట్టు టీ తాగేసి, సంచి తీసుకుని బయటికి నడిచారు.

"హమ్మయ్యేంటి అత్తయ్యా?" ఉషశ్రీ వదల్లేదు.

"ఏం లేదులేవే... నువ్వు మీ అమ్మతో ఫోన్లో మాట్లాడతావు చూడూ, అలా నేనోసారి సరదాకి చేసి, రికార్డు కూడా చేసుకుని, తర్వాత చెరిపేసా..."

"ఏదీ, ఒక్కసారి చెయ్యండి!"

పుష్పవతిగారు అటూ ఇటూ చూసి, అరచెయ్యి చెవికి ఆనించి, ముక్కుతో మొదలెట్టారు: "అమ్మా... ఇక్కడ పచ్చళ్ళు కారం అమ్మా... చెవుల్లోంచి పొగలొస్తన్నయ్ అమ్మా..."

ఉషశ్రీ కడుపు పట్టుకుని నేల మీద కూర్చుండిపోయింది. గేటు దగ్గర చెప్పులేసుకుంటున్న జగన్నాథరావుగారు వెనక్కి తిరిగి కేకేసారు.

"అది రికార్డు చెయ్యి అమ్మాయ్! పోతే నేనున్నా!"